రాలిపోయిన 'ట'

పెన్సిలు చెక్కినప్పుడు లేచే చెక్క వాసన అంటే నాకు ఇప్పటికీ కాస్త భయమే. నిన్న సాయంత్రం కౌలాలంపూర్‌లో, నేను పాఠాలు చెప్పే కాలేజీ గదిలో కూర్చుని విద్యార్థుల వ్యాసాలు దిద్దుతున్నాను. బయట అలవాటైన సాయంత్రపు వాన. పిల్లలు అన్నీ కంప్యూటర్లోనే పంపిస్తారు; నేనే మొండిగా కాగితాల మీద అచ్చు తీయించుకుని పెన్సిలుతో దిద్దుతాను. తోటి ఉపాధ్యాయులు నవ్వుతారు, నవ్వనీ. ములుకు విరిగితే బ్లేడుతో చెక్కాను. ఆ వాసన ముక్కుకి తగలగానే గది, వాన, నా నెరిసిన జుట్టు అన్నీ ఎటో పోయాయి. ఎదురుగా సింహాద్రి చిక్గు నిలబడి "ఎవులు సెప్పినారమ్మీ?" అని అడుగుతున్నట్టే అనిపించింది. పెన్సిలు బల్ల మీద పెట్టేశాను.

చిక్గు అంటే మలయ్ భాషలో మాస్టారు. మాది బాగన్ దాతుక్ దగ్గర ఒక కొబ్బరితోట. మా ముత్తాతలు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఆ తోటలో కూలికి కుదిరారు. వాళ్ళ పిల్లలూ, పిల్లల పిల్లలూ తోట కూలీలకి వరసగా కట్టిన ఆ లైను ఇళ్ళలోనే పుట్టి పెరిగారు. చిక్గు కూడా అక్కడే పుట్టిన మనిషి, కొబ్బరికాయలు ఒలిచే కూలీ కొడుకు. చదువుకుని మా వైపు ప్రభుత్వ బడిలోనే మాస్టారయ్యారు. యూనివర్సిటీకి వెళ్ళేముందు చదివే ఫారం సిక్స్ తరగతికి చరిత్రా, వ్యాసం రాయడమూ నేర్పేవారు. పొడుగ్గా, సన్నగా, ఎండిన కొబ్బరిమట్టలా ఉండేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ పెన్సిళ్ళు, వాటిని చెక్కుకోవడానికి ఒక మడతకత్తి. ఇంటి వెనకాల కొబ్బరి ఎండబెట్టే పొయ్యి ఉండేది కాబట్టి ఆయన దగ్గర ఎప్పుడూ కాస్త పొగ వాసన. బెత్తం పట్టుకోగా నేను చూడలేదు. ఆ అవసరమూ ఉండేది కాదు, నోరే బెత్తం.

ఆయన నా వ్యాసం మొదటిసారి చేతిలోకి తీసుకున్న రోజు నేను మరిచిపోను. మొదటి వాక్యం దగ్గరే ఆగి తరగతి అందరికీ వినపడేలా చదివారు. "సెపెర్తి యాంగ్ కీతా సెదియా మక్లుమ్." మనందరికీ తెలిసినట్టుగా అని ఆ మాటకి అర్థం. ఈ దేశంలో బడికెళ్ళిన పిల్లలు ఏ వ్యాసమైనా ఆ ముక్కతోనే మొదలుపెడతారు. పెళ్ళిపత్రిక మీద శుభమస్తులాగ, అది లేకపోతే వ్యాసమే కాదనుకునేవాళ్ళం. చిక్గు కళ్ళజోడు పైకి తోసుకుని, "అందరికీ తెలిసిందే అయితే రాయడం దేనికి? పదండి, ఇళ్ళకి పోయి పడుకుందాం" అన్నారు మలయ్‌లో. అంతా గొల్లుమన్నారు. నా చెవులు ఎర్రబడిపోయాయి. కాగితం తిరిగి నా చేతికొచ్చేసరికి అంచు పొడుగునా పెన్సిలుతో చిన్న చిన్న బొమ్మలున్నాయి, కొమ్ము ఎత్తిన నత్తల్లాగ. పక్కన కూర్చున్న నా స్నేహితురాలు ఐదా కాగితం నిండా కూడా అవే నత్తలు.

నత్తని మలయ్‌లో సిపుట్ అంటారు. చిక్గు సిపుట్ పెట్టారంటే ఆ వాక్యం నీకెలా తెలిసింది, ఎవరు చెప్పారు, చూపించు అని. రెండు వారాల్లో తరగతి అంతటికీ అది అర్థమైపోయింది. "ఈసారి నీ తోటలో ఎన్ని నత్తలు?" అని ఐదా నన్ను ఆటపట్టించేది. మలయ్ పిల్లలు, చైనా పిల్లలు, మేము, అందరం నత్తలకి భయపడుతూ రాయడం నేర్చుకున్నవాళ్ళమే. 'అందరూ అంటారు', 'పెద్దలు చెబుతారు', 'సందేహం లేదు' లాంటి మాటలు రాయబోయి చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్ళం.

ఒకరోజు బడి వదిలాక ధైర్యం చేసి అడిగాను. ఆయన మోటారుసైకిలు తాళం తీస్తున్నారు.

"చిక్గూ, ఈ సిపుట్ ఏటి?"

ఆయన నా వంక ఎంత ఆశ్చర్యంగా చూశారంటే, నేనేదో తప్పు మాట అన్నాననుకున్నాను. "సిపుట్టా! ఒలమ్మా, అది ట గదే. మన ట. తెలుగు అచ్చరం" అన్నారు.

అప్పటికి నాకు తెలుగు చదవడం రాదు. ఇంట్లో అమ్మ తెలుగులో అడిగితే నేను సగం తమిళంలో, సగం మలయ్‌లో జవాబు చెప్పే రకం. ఆయనకి ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. తాళం మళ్ళీ జేబులో వేసుకుని బడి మెట్ల మీద కూర్చున్నారు.

"మీ అమ్మ కెదాయ్ కొట్టు నించి వచ్చి ఏటంటాది? సూరమ్మ కూతురికి సమ్మందం కుదిరింది అంటాదా, కుదిరిందట అంటాదా?"

"కుదిరిందట."

"ఆ ట ఏటికి మరి?"

ఆలోచించాను. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట గురించి అంతకుముందు ఎప్పుడూ ఆలోచించలేదు. "అమ్మ సూడలేదు గదా లా. ఎవులో సెప్పినారు" అన్నాను, ఈ దేశంలో అందరూ మాట చివర తగిలించే 'లా'తో సహా.

"అదీ!" అని ఆయన తొడ మీద చరుచుకున్నారు. "ఆ మాట సెప్పడానికి ఇంగ్లీషోడు కాగితం అడుగున చిన్న చిన్న అచ్చరాలు రాసుకుంటాడు. మనకి ఒక్క అచ్చరం సాలు. సూసినదానికి ట ఎట్టకు. ఇన్నదానికి ట వదలకు. సదువంటే అంతే లా, అమ్మీ. మిగిలిందంతా దాని మీద కట్టుకున్న ఇల్లు."

అలా నేను అ కంటే ముందు ట నేర్చుకున్నాను. మిగతా అక్షరాలు కూడా ఆ మెట్ల మీద, ఆదివారాలు ఆయన ఇంటి వరండాలో, ఆయనే దిద్దించారు. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ చలవే.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆయన పేరు గురువులు. నేను బడికి పోవడం మొదలుపెట్టకముందే, తోట వెనక మురుగు కాలవ మీది కర్రవంతెన దగ్గర నీళ్ళలో పడి చనిపోయారు. తాగి పడిపోయాడు అని లైనులో అందరూ అనేవారు. నేనూ అలాగే ఎరిగి పెరిగాను. అమ్మ ఆయన ఫోటో గోడకి పెట్టలేదు, పెట్టెలో చీరల అడుగున ఉంచింది. పెళ్ళిళ్ళకి వెళ్ళినా ఆడవాళ్ళ మధ్య కాకుండా ఒక మూల కూర్చునేది. తాగి కాలవలో పడ్డవాడి పెళ్ళాం అన్న మాట ఆమె వీపు మీద రాసి ఉన్నట్టే నడిచేది. నన్ను ఎవరైనా మీ నాన్నకి ఏమైందని అడిగితే తల తిప్పుకునేదాన్ని.

ఫారం సిక్స్ చివరలో ఒక చిన్న పరిశోధన వ్యాసం రాయాలి. నేను మా తోట కాలవల గురించి రాస్తానన్నాను. సముద్రపు ఉప్పునీళ్ళు లోపలికి రాకుండా ఆ కాలవల్ని ఎలా తవ్వారు, తూములు ఎలా కట్టారు, ఇదీ విషయం. అందులో ప్రమాదాల గురించి ఒక పేరా ఉంది. 'కొందరు తాగి పడి చనిపోయారు, మా నాన్న కూడా అలాగే పోయారు' అని రాశాను. నిజం చెప్పాలంటే, అంత సిగ్గుపడే సంగతి దాచకుండా రాసినందుకు చిక్గు మెచ్చుకుంటారనుకున్నాను.

ఆయన మెచ్చుకోలేదు, వెటకారమూ చేయలేదు. ఆ వాక్యం పక్కన ఒకే ఒక ట చాలా చిన్నగా పెట్టి, నన్ను వరండాలోకి పిలిచారు.

"ఇది ఎవులు సెప్పినారమ్మీ?"

"అందరూ అంటారు చిక్గూ."

"అందరంటే ఎవులు? అందరికీ కలిపి ఒక నోరుంటాదేటి?"

నేను కాగితం అంచు మడవసాగాను.

"మీ అయ్య నాకు తెలుసు. తాగీవోడే. అది నాను సూసినాను, దానికి ట వద్దు. ఆ దినం తాగినాడో లేదో నాను సూడలేదు. నువ్వూ సూడలేదు. మరి నీ వాక్యంల ట ఏదీ?"

ఆ మాట ఎక్కడో లోపల తగిలింది. మర్నాటి నుంచి లైనులో ఇల్లిల్లూ తిరిగాను. సూరమ్మక్క తన మొగుడు చెప్పాడంది. ఆ మొగుడు పోయి చాలా కాలమైంది. ఆయనకి తోట లారీ నడిపే ముసలాయన చెప్పి ఉంటాడంది. ముసలాయన దగ్గరికి వెళితే, "నాను ఆ దినం ఊర్ల లేను లా. కెదాయ్ కాడ అనుకున్నారు" అన్నాడు. కెదాయ్‌లో, అంటే మా చిల్లరకొట్లో అడిగితే, లైనులో ఆడవాళ్ళు అనుకుంటుంటే విన్నామన్నారు. తిరిగి తిరిగి మళ్ళీ సూరమ్మక్క గుమ్మంలోకే వచ్చి పడ్డాను. "నిప్పు లేనిదే పొగ రాదు గదే" అందావిడ, నా మొహం చూసి విసుక్కుంటూ.

చిక్గుకి ఆ సామెత చెబితే ఇంటి వెనక పొయ్యి వంక చూపించారు. "ఆ పొయ్యి ఆరిపోయి అర్దదినమైంది. సూడు, పొగ ఎలగొస్తందో" అన్నారు. తరవాత నెమ్మదిగా అన్నారు: "ముందర తాగినాడట అనే అనుంటారు. అనగా అనగా ట రాలిపోయింది. ట రాలిపోతే పుకారే నిజమై కూకుంటాది. మీ అమ్మ ఇన్నేళ్ళూ తల దించుకుని బతికింది ఆ రాలిపోయిన ట వల్లే."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. రెండు రోజులు కూర్చుని ఆ పేరా మళ్ళీ రాశాను. మా నాన్న తాగలేదని రాశాను. వంతెన చెక్కలు పుచ్చిపోయాయని, తోట యజమానులు ఆ సంగతి దాచడానికే తాగుడు కథ పుట్టించారని రాశాను. ఆ పేజీ నా జీవితంలో నేను రాసిన అన్నిటికన్నా గొప్పదనిపించింది. పరుగున తీసుకెళ్ళి చిక్గు చేతిలో పెట్టాను. ఆయన చదివారు. మడతకత్తి తీసి పెన్సిలు చెక్కారు. ఆ చెక్క వాసన గుప్పుమంది. వాక్యం పక్కన ట, తరవాతి వాక్యం పక్కన ట, ఆ తరవాతి దాని పక్కన ఇంకొకటి.

"మీరు కూడా ఆల్ల పక్కమేనా?" అని అరిచాను. ఒక మాస్టారి మీద నేను గొంతెత్తింది అదొక్కసారే.

ఆయన పెన్సిలు కింద పెట్టారు. "మీ అయ్య తాగలేదని నీకెవులు సెప్పినారు తల్లీ? నీకు సెప్పింది నీ బాద. బాద సాచ్చికం కాదు. నీకు ఇష్టం లేని మాటకి ట ఎట్టడం ఎవులైనా సేస్తారు. నీకు కావాల్సిన మాటకి కూడా ఎట్టాల. అదే కష్టం. నాను మాత్రం సేయగలిగినానా అన్నిసార్లూ?"

ఆ కాగితం లాక్కుని ఇంటికి వచ్చేశాను. వారం రోజులు ఆయన మొహం చూడలేదు. నాన్నని రెండోసారి కాలవలో పడేశారనిపించింది. నాకు కావలసింది నిజమా, నాన్నా అని ఎవరైనా అడిగి ఉంటే ఆ వారంలో నేను నాన్నే అని చెప్పి ఉండేదాన్ని. కానీ రాద్దామని కూర్చుంటే చెయ్యి ఆడేది కాదు. పుచ్చిన చెక్కలు అని రాయబోతే, ఎవరు చూశారు అని నాలోనే ఎవరో అడిగేవారు. ఆ గొంతు నాదో ఆయనదో నాకు తెలిసేది కాదు.

చివరికి ఆ పేరాలో మిగిలింది ఇంతే: 'మా నాన్న గురువులు తోట వెనక వంతెన దగ్గర కాలవలో పడి చనిపోయారు. ఆ సమయంలో ఆయన తాగి ఉన్నారని అంటారు. చూసినవాళ్ళు ఎవరూ నాకు దొరకలేదు. ఆయన ఎలా పడ్డారో తెలియదు.' చిక్గు దాన్ని చదివి పెన్సిలు ముట్టుకోలేదు. నా తల మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచారు. ఆయన కళ్ళజోడు తుడుచుకోవడం చూశాను. దానికి ట అక్కర్లేదు.

ఆ సాయంత్రం అమ్మకి ఆ పేరా తెలుగులోకి మార్చి చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగింది.

"మల్లీ సెప్పు."

మళ్ళీ చెప్పాను.

"సూసినోలు ఒక్కలూ లేరా?"

"లేరమ్మా."

"మరి ఇన్నేల్లూ..." అని ఆగిపోయింది. ఆ వాక్యం ఆమె ఎప్పుడూ పూర్తి చేయలేదు. ఏడవలేదు కూడా. కొన్నాళ్ళకి కొట్లో ఉప్పూ చింతపండూ కొంటుంటే ఎవరో కొత్త కోడలు నన్ను చూపించి ఎవరి పిల్ల అని అడిగింది. "తాగి కాలవల పడ్డ గురువులు లేడూ, ఆడి కూతురు" అంది సూరమ్మక్క మామూలుగా. అందులో ద్వేషం ఏమీ లేదు, అది మా ఇంటిపేరులా అలవాటైపోయింది. ఎప్పుడూ తల ఎత్తని మా అమ్మ సంచీ కింద పెట్టి, "నువ్వు సూసినావేటే?" అంది. సూరమ్మక్క నోరు తెరిచి, మూసి, "లేదొదినా, అన్నారు" అని గొణిగింది. ఇంటికి వచ్చాక అమ్మ పెట్టె తెరిచి నాన్న ఫోటో తీసి, కొంగుతో తుడిచి గోడకి పెట్టింది. నాన్న ఎలా పోయారో మాకు ఇప్పటికీ తెలియదు. తెలియదు అన్న మాటలో మనిషి నిలబడడానికి కాస్త చోటుంటుందని ఆ రోజు నాకు తెలిసింది.

తరవాత నేను యూనివర్సిటీకి వెళ్ళాను, పెద్ద పెద్ద వ్యాసాలు రాశాను, ఇప్పుడు రాయడం నేర్పే ఉద్యోగమే చేస్తున్నాను. నాకు గొప్ప ప్రొఫెసర్లు దొరికారు. వాళ్ళు చెప్పిన ప్రతిదీ చిక్గు ఏదో ఒక ఆదివారం వరండాలో నవ్వుతూ చెప్పేసినట్టే అనిపించేది. ఎదుటివాడి వాదం వాడికన్నా బాగా నువ్వే రాసి, అప్పుడు కాదనమనేవారు. అలా చేస్తే సగంసార్లు కాదనలేకపోయేదాన్ని. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆయన దగ్గరికి వెళ్ళేదాన్ని. చూపు మందగించాక నేను రాసింది నా చేత చదివించుకునేవారు. వింటూ వింటూ హఠాత్తుగా "ట?" అనేవారు, కళ్ళు మూసుకునే. చివరిసారి వెళ్ళినప్పుడు కొబ్బరి చిప్పలు ఎండలో తిరగేస్తూ, "నాను పోయినాక నా గురించి ఎక్కడో రాస్తావు లే, నీ సంగతి నాకు తెలుసు" అన్నారు. అలాంటి మాటలు వద్దన్నాను. "రాస్తే దేవుడులాంటోడని రాయకు లా. దేవుణ్ణి ఎవులు సూసినారు? ఏటి సూసినావో అదే రాయి" అని నవ్వారు.

ఆ తరవాత రోగం వచ్చి ఊళ్ళన్నీ మూసేసిన రోజులు వచ్చాయి. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోనివ్వకుండా పోలీసులు దారులు కట్టేశారు. ఒక ఉదయం మా తమ్ముడు ఊరి నుంచి ఫోన్ చేశాడు.

"అక్కా, చిక్గు పోయినారట."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏడుపు కాదు. "ఎవులు సెప్పినారు?" అన్నాను.

"అందరూ అంటన్నారక్కా."

అందరూ. ఆ మాట విని నా ప్రాణం లేచి వచ్చింది. అందరూ అంటే ఎవరూ కాదని నాకు నేర్పింది ఆయనే కదా. ఆ ఒక్క ట పట్టుకుని వేలాడాను. తమ్ముడు చూడలేదు, ఎవరో చెప్పారు, వాళ్ళకి ఇంకెవరో చెప్పి ఉంటారు. చిక్గు కూతురు సుశీలకి ఫోన్ మీద ఫోన్ చేశాను, తీయలేదు. తీయకపోయిన కొద్దీ ఆశ పెరిగింది. మధ్యాహ్నం తనే చేసింది. "నాన్న నా సేతిలోనే పోయినారొదినా" అంది. సుశీల మాటలో ట లేదు. అప్పుడు నేల మీద కూర్చుని ఏడ్చాను, మా నాన్న కోసం కూడా ఏడవనంత ఏడ్చాను.

నన్ను వెళ్ళనివ్వలేదు. అంత్యక్రియలకి ఇంటివాళ్ళు కొద్దిమందే ఉండాలన్నారు. ఎవరో ఫోన్‌లో చూపిస్తామని వీడియో పెట్టారు. వరండా కప్పు రేకూ, ఎవరిదో నల్ల గొడుగూ కనిపించి బొమ్మ అక్కడే ఆగిపోయింది. మాటలు మాత్రం కాసేపు తెగి తెగి వినపడ్డాయి, తరవాత అవీ లేవు. ఆగిపోయిన ఆ గొడుగు వంక చూస్తూ చేతులు జోడించాను. దారులు తెరిచాక వెళితే వరండా ఖాళీగా ఉంది. పొయ్యి దగ్గర పొగ లేదు. నాకు చూడడానికి ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు ఇక్కడి తెలుగు సంఘంవాళ్ళు సంచిక వేస్తూ ఆయన గురించి రాయమన్నారు. చివరి వాక్యం చూసి సంపాదకులు ఇబ్బందిపడ్డారు. "పోయారట ఏమిటండీ, గిట్టనివాళ్ళు రాసినట్టుంది. పరమపదించారు అని మారుద్దామా?" అని మర్యాదగానే అడిగారు. వద్దన్నాను. ఆ ట నిజాయితీ కోసం పెట్టిందా, ఆశ చావక పెట్టిందా అని నన్ను నేను చాలాసార్లు అడిగి చూసుకున్నాను. చిక్గు ఉంటే ఆ ప్రశ్నే అడిగేవారు, కావలసిన మాటని అనుమానించమని చెప్పిన మనిషి కదా. ఆయన చివరి ఊపిరి సుశీల చూసింది, ఆమె రాస్తే ట ఉండదు. నేను చూసింది ఒక రేకూ, ఒక గొడుగూ. చూడనిదానికి ట వదలొద్దన్నారు కాబట్టి నేను రాయగలిగింది ఇంతే. మా సింహాద్రి చిక్గు పోయారట.